ఆపగలిగినంత బరువు

ఖుక్రీ కొనాలనుకునేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎంత బరువుంటే చేతికి హాయిగా ఉంటుంది? చెప్పుల సైజు అడిగినంత అమాయకంగా వినిపిస్తుంది. కానీ ఆలోచిస్తున్నకొద్దీ, నీతిశాస్త్రంలో పెద్దపెద్దవాళ్ళు పేచీ పడ్డ ఒక పాత ప్రశ్న ఇందులో దాక్కుని ఉందని నాకనిపిస్తోంది. ఒక వస్తువు ‘మంచిది’ అన్నప్పుడు ఆ మంచితనం వస్తువులో ఉందా, పట్టుకున్న చేతిలో ఉందా, చేసే పనిలో ఉందా?

ముందు వస్తువు సంగతి. మన ఊళ్ళలో ‘గూర్ఖా’ అన్నది జాతి పేరుగా కంటే ఉద్యోగం పేరుగానే తెలుసు. రాత్రుళ్ళు విజిల్ ఊదుతూ, కర్రతో కరెంటు స్తంభాన్ని టంగుమనిపిస్తూ తిరిగి, నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడి ‘సాబ్’ అని సలాం పెట్టే మనిషి. నడుముకి ఒక వంకర ఒర. అందులోంచి కత్తి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి తీస్తే రక్తం చూపించకుండా లోపల పెట్టరని మాత్రం మా వీధి పిల్లలందరికీ తెలుసు. అది ఉత్త కథ. నేపాల్ కొండల్లో ఖుక్రీతో కట్టెలు కొడతారు, వెదురు చీలుస్తారు, తుప్పలు నరుకుతారు, మాంసం కొడతారు. తీసిన ప్రతిసారీ రక్తం చూపించాలంటే అక్కడ పొయ్యి వెలిగించేలోపే ఇంటిల్లిపాదికీ కట్లు కట్టాల్సొచ్చేది.

వంట దగ్గర వాళ్ళకి ఇంకో పరికరం కూడా ఉంది, ‘చులేసి’ అంటారు. అచ్చం మన కత్తిపీటే. కాలితో తొక్కిపెట్టి, నిలబడి ఉన్న కత్తికి కూరగాయని ఎదురు తోస్తారు. కత్తిపీట కొనేటప్పుడు బరువెంత అని ఎవరూ పట్టించుకోరు. పీట కదలకపోతే చాలు. బరువు ప్రశ్న కత్తి కదిలినప్పుడే పుడుతుంది. ఈ చిన్న తేడా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దుకాణంలో మనం ఖుక్రీని చూసేది కత్తిపీటని చూసినట్టే, కదలకుండా.

ఖుక్రీల్లో చిన్నవి 300 గ్రాముల నుంచి పెద్దవి కేజీ దగ్గరదాకా ఉంటాయి. పొలానికీ ఇంటికీ వాడేవి చాలావరకు పది అంగుళాల అలుగుతో అరకేజీకి కాస్త అటూఇటూ. ‘సిరుపాతే’ అనే రకం సన్నగా ఉంటుంది, సిరు అనే గడ్డి ఆకు పేరు మీద వచ్చిన పేరది. భోజ్‌పూర్ రకం పొట్ట దగ్గర వెడల్పు. అయితే తక్కెడలో ఒకే బరువు తూగిన రెండు కత్తులు చేతిలో ఒకేలా ఉండవు. క్రికెట్ ఆడినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1200 గ్రాముల బ్యాట్లు రెండు తీసుకుంటే, ఒకటి పూవులా లేస్తుంది, ఇంకోటి మణికట్టుని కిందికి లాగుతుంది. దాన్నే ‘పికప్’ అంటాం. కారణం ఇంటర్మీడియట్ ఫిజిక్సే. తిప్పుతున్న చోటునుంచి బరువు రెండింతలు దూరం జరిగితే, తిప్పడానికి నాలుగింతలు కష్టం. అందుకే ఖుక్రీలో బరువెంత అన్నదానికంటే బరువెక్కడ అన్నది ముఖ్యం.

మామూలు వంటింటి చాకుని వేలు మీద నిలబెడితే పిడి దగ్గరే నిలుస్తుంది. ఖుక్రీ అలా నిలవదు. పిడి దాటి రెండుమూడు అంగుళాల అవతల, వంపు దగ్గర్లో ఎక్కడో నిలుస్తుంది. ముందుకి తూగడం దాని స్వభావం. ఆ ముందు బరువే సగం పని చేస్తుంది. అలుగు కిందికి వంగి ఉండటంతో మణికట్టు మరీ వంచకుండానే పదును దెబ్బకి ఎదురు నిలుస్తుంది. కంసాలి పనంత నైపుణ్యం అలుగు వీపులో ఉంటుంది. పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపుకి సన్నబడుతూ పోవాలి. అలా సన్నబడని కత్తి, ఎంత మెరిసినా, చేతిలో ఇనపముక్కలా వేలాడుతుంది.

కాఠ్మండూలో ఒక దుకాణంలో ఇంచుమించు ఒకే బరువున్న రెండు కత్తులు మార్చిమార్చి పట్టుకుని చూశాను. రెండోదాన్ని ఎత్తగానే ఛాతీ కాస్త విచ్చుకున్నట్టయింది. ఆ బరువులో ఏదో పొగడ్త ఉంది. దుకాణం పెద్దాయన నా మొహం చూసి హిందీలో ఒక్క మాటన్నాడు. “ఉఠాకే నహీ, రోక్‌కే దేఖియే.” ఎత్తి కాదు, ఆపి చూడండి. భుజం ఎత్తునుంచి నెమ్మదిగా దించి, నడుము దగ్గర టక్కున ఆపమన్నాడు. మొదటిది ఆగింది. రెండోది జానెడు కిందికి పోయాక ఆగింది. అలాంటివి ఇరవై చేస్తే జానెడు మూరెడవుతుంది, ఆ దారిలో మన మోకాలు ఉంటుంది.

నాకు తెలిసినంతలో బరువు గురించి ఇంతకంటే మంచి కొలత లేదు. ఎత్తేటప్పుడు కలిగే హాయి బలం గురించి చెప్తుంది. ఆపేటప్పుడు తెలిసేది అదుపు గురించి. కట్టెకి ముడి తగిలి దెబ్బ జారినప్పుడు, అవతల నుంచి ఎవరో హఠాత్తుగా చెయ్యి పెట్టినప్పుడు కావాల్సింది రెండోదే. అంటే హాయిగా ఉండే బరువంటే మనం వేగం ఇవ్వగలిగిన బరువని చెప్పుకుంటే చాలదు. ఇచ్చిన వేగాన్ని సాయంత్రం అలిసిపోయిన చేత్తో కూడా వెనక్కి తీసుకోగలగాలి.

‘మధ్యరకం కొనెయ్యండి’ అని సలహా ఇచ్చేవాళ్ళకి అరిస్టాటిల్ ఎప్పుడో జవాబు చెప్పాడు. మధ్యేమార్గం గురించి రాస్తూ ఆయన తిండి ఉదాహరణ తీసుకుంటాడు. పది పాళ్ళు ఎక్కువ, రెండు పాళ్ళు తక్కువ అయినంతమాత్రాన ఆరు పాళ్ళు అందరికీ సరి కాదు. మిలో అనే మల్లయోధుడికి అది చాలదు, కొత్తగా కసరత్తు మొదలెట్టినవాడికి ఎక్కువ. సరైన మధ్య అనేది లెక్కలోది కాదు, మనిషిని బట్టి తేలేది. 300 గ్రాములు తక్కువ, 900 ఎక్కువ, కాబట్టి 600 కొనమనడం తక్కెడకి చెప్పే సలహా, మనిషికి కాదు.

అదే అరిస్టాటిల్ ఇంకోచోట, ప్రకృతి పిసినారిగా ఒక్క పరికరంతో అన్ని పనులూ కానివ్వదనీ, అలా చేసేది డెల్ఫీ కత్తి చేసే కమ్మరులనీ అంటాడు. ఒక్క పనికి ఒక్క పనిముట్టు ఉన్నప్పుడే అది శ్రేష్ఠమని ఆయన వాదన. ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోలేను. కొండ ఎక్కేవాడి నడుముకి గొడ్డలీ, కొడవలీ, మాంసం కత్తీ మూడూ కట్టలేం. పది పనులకి పనికొచ్చే కత్తి ఏ పనికీ అత్యుత్తమం కాకపోవచ్చు. కానీ బతుకే పది పనుల కలగలుపైనప్పుడు ఆ రాజీయే దాని శ్రేష్ఠత. అలాగని ఆయన మాటలో అసలు సంగతి పోలేదు. పది పనులైనా సరే, పనులుండాలి. పని లేకపోతే మంచి కత్తి అన్న మాటకి కొలబద్ద లేదు.

మనలో చాలామందికి ఆ పనే లేదు. రోజంతా కీబోర్డు ముందు కూర్చునే నాబోటివాడికి ఖుక్రీతో ఏం పని? గోడకి తగిలించుకోవచ్చు కదా అంటారు. తగిలించుకోవచ్చు, తప్పేమీ లేదు, అందమైన వస్తువే. అయితే అప్పుడు ‘బ్యాలెన్స్’ గురించి మాట్లాడకూడదు. గోడకి పది గ్రాములైనా కేజీ అయినా ఒకటే. పని లేనివాడు బరువు గురించి అడుగుతున్నాడంటే, అతను కొలుస్తున్నది తన మీద తనకి కలిగే భావాన్ని. అందాకా వస్తే పెద్దదీ, బరువైనదీ, ఆపలేనిదీ నచ్చుతుంది. నాకు భయం కలిగించేది కత్తి కాదు, ఈ రుచి.

మన చట్టం కూడా ఇక్కడే తచ్చాడుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం, దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించినదాన్ని ఆయుధమంటూ, కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైనవాటిని మినహాయించింది. ‘కేవలం’ అన్న మాట చూడండి. తోటలో వెదురు నరికేదీ, సైనికుడి నడుముకి ఉండేదీ ఒకే ఆకారమైనప్పుడు ఆ మాట ఏ వైపు నిలబడుతుంది? బ్రిటిష్ సైన్యం 1815లో గూర్ఖాల్ని చేర్చుకోవడం మొదలుపెట్టాక ఖుక్రీ ప్రపంచానికి యుద్ధం కత్తిగానే పరిచయమైంది. ఊళ్ళో మాత్రం కట్టెల కత్తిగానే ఉండిపోయింది. రెండూ నిజమే. వస్తువు తనంతట తాను ఈ తగువు తీర్చలేదు, వాడకం తీర్చాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక చెయ్యి గురించే. కత్తికి ఇంకో చెయ్యి కూడా ఉంది, చేసినవాడిది. పాత లారీల కమాను పట్టీలు కాల్చి, సాగగొట్టి, రూపం తెస్తాడు. చివర్లో ఎర్రగా కాలిన కత్తి పదును మీద మాత్రమే కెటిల్‌తో సన్నటి ధారగా నీళ్ళు పోస్తాడు. నీళ్ళు తగిలిన పదును గట్టిపడుతుంది, వీపు కాస్త మెత్తగా ఉండి దెబ్బని ఓర్చుకుంటుంది. ధార ఒక క్షణం అటూఇటూ అయితే కత్తి పెళుసవుతుంది, లేదా పదును నిలవదు. ఇది చేసేవాళ్ళని నేపాల్‌లో కామీలంటారు. ఇప్పుడు చాలామంది విశ్వకర్మ అని పెట్టుకుంటున్నారు. జంగ్ బహదూర్ రాణా కాలంలో, 1854లో వచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం వాళ్ళని నీళ్ళు ముట్టకూడని, తాకకూడని కులాల్లో రాసింది. నీళ్ళతో కత్తికి ప్రాణం పోసిన చేతి నుంచి మంచినీళ్ళు పుచ్చుకోవడం అపరాధం. ఒరకి తోలు తొడిగే సార్కీలదీ అదే గతి. దశైం నవమినాడు మాత్రం ఆ పనిముట్లకే పూజ. మనకిది కొత్తగా వినిపిస్తే మనం మర్చిపోయామని అర్థం. మోట తోలు కుట్టినవాడిని బావి గట్టు ఎక్కనివ్వకుండా, ఆ మోటతో తోడిన నీళ్ళతోనే పొలాలు పండించుకున్న ఊళ్ళు మనవీనూ. నేపాల్ 1963లో ఆ చట్టాన్ని మార్చింది, 2011లో అంటరానితనాన్ని నేరం చేస్తూ విడిగా చట్టం తెచ్చింది.

ఇదంతా బరువు ప్రశ్నకి దూరం జరగడం కాదు. పాత ఊళ్ళో ‘ఎంత బరువు?’ అని ఎవరూ అడిగేవారు కాదు. కమ్మరికి ఆసామి భుజం తెలుసు, అతని పొలం తెలుసు, ఏ చెట్లు కొడతాడో తెలుసు. పంటకి ఇంత గింజ కొలిచేవారు, మొండిబారితే అతనే సానపట్టి ఇచ్చేవాడు. మన ఊళ్ళలో కమ్మరికి మేర కొలిచినట్టే. చేసేవాడికీ వాడేవాడికీ పరిచయం తెగిపోయాక, మధ్యలో మిగిలిన ఖాళీలో పుట్టిన ప్రశ్న ఇది. అలాగని ఆ పరిచయాన్ని తలుచుకుని నేను నిట్టూర్చలేను. చేతి కొలత అంత బాగా తెలిసిన ఊరే ఆ చెయ్యి తగిలితే నీళ్ళు చల్లుకుంది. ఇవాళ ముక్కూమొహం తెలియని కొనుగోలుదారు నోటు చేతిలో పెట్టి పోతాడు, కులం అడగడు. అది తక్కువ మేలేమీ కాదు. కానీ పోయిన పరిచయంలో ఒక బాధ్యత కూడా ఉండేది, దాన్ని ఇప్పుడు మోయాల్సింది కొనేవాడే. కమ్మరికి తెలియని మన భుజం, మన పని, మనమైనా నిజాయితీగా తెలుసుకోవాలి.

నేను మొదటి కత్తే తీసుకున్నాను. అలుగు పది అంగుళాలు, బరువు 450 గ్రాములు, చెక్క పిడి. మా ఊరి ఇంట్లో ఎండిన కొబ్బరి మట్టలు నరకడానికీ, మునగ కొమ్మలు కొట్టడానికీ వాడుతున్నాం. మా నాన్నకి అది కాస్త తేలిక, నాకు సరిగ్గా ఉంది. నాలుగు నెలలకోసారి సాన పెట్టాలి, ఆముదం రాయాలి, లేకపోతే తుప్పు పడుతుంది.

ఇప్పుడెవరైనా ఎంత బరువుది కొనాలని నన్నడిగితే, ఏం నరుకుతారని అడుగుతున్నాను. జవాబు ఉన్నవాళ్ళకి దుకాణంలో ఎలా ఆపి చూడాలో చెప్తాను. లేనివాళ్ళకి, ముందు ఇంట్లో కత్తిపీట మీద ఒక కొబ్బరికాయ తురిమి చూడమంటున్నాను.