విడిచినంత మాత్రాన దయయగునా?

హింస యనగా చంపుట యొక్కటేనా? చంపక విడిచినచో దోషము తొలగునా? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. కాని చేపల వేట వినోదమైన ఈ కాలమున అది మరల విచారింప దగియున్నది.

బెంగుళూరు నుండి హోసూరు పోవు రాచబాటపై, కర్ణాటకపు టంచున నున్న ఊరు అత్తిబెలె. కన్నడము, తెలుగు, తమిళము మూడును అచట వినవచ్చును. ఇట్టి ఊళ్ల చెరువుగట్లపై గాలము వేయువారు రెండు తెగలు. వెదురుకఱ్ఱకు దారము కట్టి, బెండు తగిలించి, వానపామును గ్రుచ్చి, రాత్రి కూరకై కాచుకొను పేదవా డొకడు. సెలవునాడు వేడుకకై వచ్చు నగరవాసి వేరొకడు. వీని చేత ఫైబరు బెత్తము, దారము చుట్టు రీలు, కొఱ్ఱమీనును మోసగించు రబ్బరు కప్ప, రోహు, కట్ల చేపలకు పిండి యెర యుండును. పట్టిన చేపతో ఫోటో తీయించుకొని, దానిని నీట విడిచి, “నే నేప్రాణిని చంపలేదు” అని తృప్తుడై యింటికి పోవును.

ఇతని పక్షమున చెప్పదగినది లేకపోలేదు. 1946లో కబినీ నదిలో 120 పౌనుల మహసీరు గాలమునకు చిక్కినది. అట్టి చేపలు తోటా పేలుళ్లకు నశించుచుండగా, కావేరి తీరమున భీమేశ్వరి, గాలిబోరె మొదలగు చోట్ల గాలపు శిబిరములు వెలసినవి. రాగిముద్ద యెరగా పట్టిన చేపను తూచి విడుచుట అచటి నియమము. దొంగతనముగా చేపలు పట్టినవారే కొందఱు అచట కావలివారైరి. వన్యప్రాణి చట్టము ననుసరించి 2010 తరువాతి యేండ్లలో అభయారణ్యమున ఆ క్రీడ నిలిచిపోయినది. 2018లో గూని మహసీరు అంతరించు ప్రమాదము మిక్కిలి తీవ్రముగా గల జాతుల పట్టికలో చేరినది. వేటగాండ్రు కాచిన నీటిని ఇక నెవరు కాతురని వారడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

అయినను, విడుచుట వలన చేసిన గాయము మాసిపోదు. అహింసాణువ్రతమునకు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పిన అతిచారము లైదు: కట్టుట, కొట్టుట, అంగచ్ఛేదము, అతిభారము మోపుట, అన్నపానముల నాపుట. వీనిలో ప్రాణము తీయుట యొక్కటియు లేదు. ప్రాణము నిలిచియుండగనే వ్రతము చెడవచ్చునని దీని భావము. చేప పంచేంద్రియ జీవి. ట్రౌటు చేప తలయందు నొప్పిని గ్రహించు నాడు లున్నవని 2003లో స్కాట్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ముల్లు లేని గాలమైనను పెదవిని చీల్చకమానదు.

పేదవాని గాలము నిర్దోషమని చెప్పుట కాదు. దానికి ఆకలి యను కారణమైన కలదు. వినోదమునకు ఆ కారణమును లేదు. ప్రయోజనము లేని పీడ అనర్థదండము.

జన్న కవి 1209లో రచించిన కన్నడ యశోధరచరితలో రాజు బలి యిచ్చినది పిండికోడిని మాత్రమే. అయినను ఆ సంకల్పమునకు ఫలముగా జన్మపరంపర ననుభవించెను. ఆ జన్మములలో నొకట అతడు చేపయై వలలో చిక్కెను. ఏప్రాణియు చావలేదనుట సమాధానము కాదని ఆ కథ తెలుపుచున్నది.

అయితే గాలము పట్టనివా డంతటితో కృతార్థుడా? అత్తిబెలెకు కొద్ది దూరమున, హోసూరు చెంత కెలవరపల్లి ఆనకట్టకడ దక్షిణ పినాకిని నీరు మురుగుతో, రసాయనములతో నురుగులు గ్రక్కుచున్నది. ఆ నీట చచ్చు చేపలకు గాలము గ్రుచ్చినవా డెవ్వడును లేడు. ఆ కార్ఖానాల సరుకు కొనువారు, అమ్మువారు, ఊరకుండువారు మాత్రము పెక్కుమంది. తాను చేయుటయే కాదు, చేయించుటయు, అనుమోదించుటయు హింసయే యని జినధర్మము.

కావున శ్రావకునకు గాలము మానుట వ్రతమున సగము. చెరువును కాచుట రెండవ సగము. వేటగాడు వేడుకకై చేసిన కావలిని, వేడుక లేకయే చేయగలిగిననాడు అతని ప్రశ్నకు సరియైన యుత్తర మిచ్చినట్లగును.