మీ గణితానికి సరిపడే పుస్తకం

1915లో ఐన్‌స్టీన్ పూర్తిచేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని సొంతంగా చదవాలనుకునేవారికి ముందు వచ్చే సందేహం, ఏ పుస్తకం కొనాలన్నది. మిస్నర్, థోర్న్, వీలర్ రాసిన ‘గ్రావిటేషన్’ 1,200 పేజీలు దాటుతుంది. ఇదే విషయంపై డిరాక్ రాసిన పుస్తకం 100 పేజీలైనా లేదు. సన్నగా ఉంది కదా అని తేలికనుకోవద్దు. ప్రతి మెట్టూ మనమే కాగితం మీద లెక్క వేసి చూసుకోవాలి. ఇదే విషయంపై రాసిన హార్టిల్ దారి వేరు. సూర్యుడి పక్కగా వచ్చే కాంతి ఎంత వంగుతుందో ముందు లెక్కకట్టించి, సిద్ధాంతానికి మూలమైన క్షేత్ర సమీకరణాలు తర్వాత చెబుతారు. ఈ సిద్ధాంతానికి కావలసిన టెన్సర్ల గణితమంటే బెరుకున్నవారికి అది మంచి మొదలు. షుట్జ్ తన పుస్తకంలో ఆ టెన్సర్లనే ఓపిగ్గా నేర్పుతారు. పుస్తకం పేరుప్రతిష్ఠలు చూసి కాదు, మీకు వచ్చిన గణితం చూసి ఎంచుకోండి. ఒక అధ్యాయం చదివి, చివర ఇచ్చిన లెక్కలు రెండు చేయండి. కలం ముందుకు సాగితే అదే మీ పుస్తకం. పెద్ద గ్రంథాలు అందుకునే రోజూ వస్తుంది.