ఉత్తరవాది ఎవరు?

చకర్‌భాటా బిలాస్‌పూరుకు చేరువనున్న చిన్న రైల్వే ఊరు. హౌరా నుండి బొంబాయికి పోవు రైలుదారి దానిగుండా సాగును. రాయ్‌పూర్ రహదారి ఆ చేరువనే పోవును. ఊరికి ఆనుకొనియున్న బోద్రీలో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు నెలకొన్నది. 2000లో కొత్త రాష్ట్రము ఏర్పడినపుడు రాజధాని రాయ్‌పూరుకును, హైకోర్టు బిలాస్‌పూరుకును దక్కినవి. రైలు, రోడ్డు, న్యాయస్థానము ఇంత దగ్గరగా ఉన్నచోట నివసించువానికి ఒక ప్రశ్న తప్పదు: మనుష్యులు దారిలో మరణించినపుడు, ఆ దారి వేసిన ప్రభుత్వము ఎవరికి, ఏమని సమాధానము చెప్పవలెను?

2025 నవంబరు 3న హైదరాబాదు సమీపమున చేవెళ్ల వద్ద కంకర నింపుకొనిన టిప్పరు ఒకటి, తాండూరు నుండి నగరమునకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. 19 మంది మరణించారు. మరునాడే బిలాస్‌పూర్ దగ్గర ఒక మెమూ పాసెంజరు ముందున్న గూడ్సు బండిని వెనుకనుండి తాకినది. పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయారు. రెండుచోట్లను బండి నడిపినవారు కూడ మృతులలో చేరారు. చనిపోయినవాడు వాదింపలేడు, కనుక తప్పంతయు అతని తలమీద వేయుట మిక్కిలి సులభము.

రైలు విషయములో ఆ సులభమార్గముతో పని ముగియలేదు. మనదేశములో రైల్వే భద్రతా కమిషనరు రైల్వే మంత్రిత్వశాఖకు లోబడినవాడు కాడు. పౌర విమానయాన శాఖక్రింద పనిచేయును. తప్పు చేసినవాడే తీర్పరి కారాదను బుద్ధితో 1941లో చేసిన ఏర్పాటు అది. ఆయన ప్రాథమిక నివేదిక, డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటినాడని చెప్పి ఊరకుండలేదు. ఆ బండి నడుపుటకు అవసరమైన మానసిక పరీక్షలో అతడు ఉత్తీర్ణుడు కాలేదనియు, అయినను అతనికి ఆ పని అప్పగించుట తప్పనియు చెప్పినది. అనగా ప్రశ్న చేతిని దాటి, ఆ చేతిని అక్కడ పెట్టినవారివరకు పోయినది.

చేవెళ్ల రోడ్డు సంగతి వేరు. అది ఇరుకైనదని అందరెరుగుదురు. విస్తరింపవలెనని ఎన్నడో అనుకొన్నారు. కాని దారికిరువైపుల వందలకొలది మర్రిచెట్లు ఉన్నవి. వానిని కాపాడవలెనని కొందరు హరిత ట్రిబ్యునలుకు వెళ్లారు. వారు చేసినది తప్పని నేననను. నూరేండ్ల మర్రిని నరుకుటకు ముందు ఒకరు అడ్డుపడి కారణమడుగుట ఏ దేశమునకైనను మేలే. ఇంజనీరుకు తన నకలు ఉన్నది, ట్రిబ్యునలుకు తన న్యాయము ఉన్నది, ప్రభుత్వమునకు పెండింగు వ్యాజ్యమనెడి సాకు ఉన్నది. ప్రతివారికి ఒక కారణము గలదు. ఆ ఏండ్లలో ఆ ఇరుకుదారిమీద బరువులారీలు ఏ వేగముతో, ఏ వేళల పోవలెనో, విస్తరణ జరుగువరకు చేయదగినదేమో చూడవలసిన మనిషి ఎవరని అడిగినచో మాత్రము అందరును ప్రక్కవానిని చూపుదురు.

ఇట్లు చూపుట మనకు క్రొత్త కాదు. 1861లో కలకత్తా సుప్రీంకోర్టు తీర్చిన కేసు కూడ ఒక వీధి ప్రమాదమే. కిద్దిర్‌పూర్ నౌకాశాల దగ్గర ప్రభుత్వపు కూలీలు మోసికొనిపోవుచున్న ఇనుపముక్కను క్రిందపడవేయగా, ఆ చప్పుడునకు బండిగుర్రము బెదరి గాయపడినది. ఓడల కంపెనీ 350 రూపాయలకు దావా వేసినది. కోర్టు కంపెనీవైపే తీర్పు చెప్పినది గాని, వర్తకునివలె చేసిన పనులకు ప్రభుత్వము పూచీపడును, సార్వభౌమునివలె చేసినవానికి పడదు అని ఒక గీత గీచినది. 1962లో విద్యావతి కేసులో, ఉదయపూరు కలెక్టరు జీపు క్రిందపడి మరణించిన పాదచారి కుటుంబమునకు రాజస్థాన్ రాష్ట్రము పరిహారమీయవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. కాని 1965 నాటి కస్తూరీలాల్ కేసులో ఆ గీత మరల వచ్చినది: మీరట్ పోలీసులు పట్టుకొన్న బంగారముతో హెడ్ కానిస్టేబులు పాకిస్తానుకు పారిపోగా, ఆ నష్టమునకు ప్రభుత్వము బాధ్యురాలు కాదన్నారు. ఆ గీతను చాలవరకు చెరిపినది 1994లో ఆంధ్రప్రదేశ్ మీద వచ్చిన నాగేంద్రరావు కేసు. అధికారులు జప్తుచేసిన ఎరువులును ధాన్యమును కాపాడక పాడుచేయగా, రాజు తప్పు చేయడను మాట సంక్షేమరాజ్యములో చెల్లదని న్యాయస్థానము నిర్ణయించినది. ఇంతవరకు వచ్చినను, పార్లమెంటు ఈ విషయమై సమగ్రమైన చట్టము చేయలేదు. 1956లోనే లా కమిషన్ తన మొదటి నివేదికలో దానిని కోరినది. 1960లలో వచ్చిన బిల్లులు మురిగిపోయినవి.

2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ, ప్రమాణములు పాటింపక రోడ్డువేసిన అధికారికిని, గుత్తేదారునకును లక్షరూపాయలవరకు జరిమానా విధింపవచ్చునన్నది. మంచిదే. కాని జరిమానా కట్టినవాడు సమాధానము చెప్పినవాడగునా?

హిందీలోనుండి తెలుగులోనికి వ్రాయువానికి ఈ ప్రశ్న మాటలలోనే ఎదురగును. హిందీవారి ‘జవాబ్‌దేహీ’ జవాబు ఇచ్చుట. మన ‘పూచీ’ మరొకనికొరకు నిలబడుట. ‘బాధ్యత’ అన్నచో మనకు కర్తవ్యము. హిందీలో ‘బాధ్యతా’ అన్నచో గత్యంతరములేని నిర్బంధము. ‘పరిహారము’ అన్నచో మనము డబ్బునే తలచెదము గాని, అది పూర్వము పాపమునకు చేయు ప్రాయశ్చిత్తము కూడ. కోర్టులు మనకు డబ్బు ఇప్పింపగలవు, ఒక్కొక్కసారి నిర్బంధింపనుగలవు. జవాబు ఇచ్చుట మాత్రము ఇచ్చువాడు ఉన్ననే జరుగును.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోగా వందమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహాదుర్ శాస్త్రి రాజీనామా ఈయగా నెహ్రూ అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము జరిగినపుడు శాస్త్రి మరల ఇచ్చారు. ఈసారి నెహ్రూ, దోషము శాస్త్రిది కాదనుచునే, రాజ్యాంగ మర్యాదకు ఉదాహరణముగా ఉండుటకై దానిని స్వీకరించారు. ఆ వంతెనను శాస్త్రి కట్టలేదు, చూడలేదు. కాని అప్పులో పదిమంది కలసినచో ఒక్కొక్కని వంతు తగ్గునట్లు బాధ్యత తగ్గదని ఆయన ఎరిగినట్లున్నది.

దీనికొక ఆక్షేపణ కలదు. అది తేలికైనది కాదు. ప్రతి మరణమునకు ఒక పేరు అడుగుచు పోయినచో, భయపడిన అధికారి ఏ కాగితముమీదను సంతకము చేయడు. రోడ్డు అసలే పడదు. నిజమే. అందుచేతనే నాకు భద్రతా కమిషనరు పద్ధతి నచ్చుచున్నది. ఆయన మొదట శిక్షకొరకు వెదకడు, కారణముకొరకు వెదకును. రోడ్డుమీద మనకు పోలీసు కేసు ఉన్నది, పరిహార ట్రిబ్యునలు ఉన్నది. అటువంటి స్వతంత్ర విచారణ ప్రతి ఘోరప్రమాదమునకు లేదు. ఆ లోటు పూడ్చుటకే హైకోర్టులు పత్రికలలోని వార్తలను అర్జీలుగా స్వీకరించుచున్నవి. బోద్రీలోని హైకోర్టు కూడ రహదారులమీద తిరుగు పశువులను గురించి, పాడైన రోడ్లను గురించి అట్లే విచారించి, ప్రభుత్వమునుండి ప్రమాణపత్రములు కోరినది.

ఇట్టి ప్రమాణపత్రముల హిందీ నేనెరుగుదును. ‘కార్రవాయీ కీ జా రహీ హై’ అని ఉండును. తెలుగు చేయునపుడు ‘చర్యలు తీసుకొనబడుచున్నవి’ అని వ్రాసినచో మాటకు మాట సరిపోవును గాని, అది తెలుగు కాదు. తెలుగువాడు ‘ఫలానావారు చర్య తీసుకొనుచున్నారు’ అనును. అట్లు వ్రాయుటకు కర్త కావలెను; అతనికొరకు పత్రమును మొదటినుండి చివరివరకు మరల చదువుచుందును.