అరుగు దాకా వచ్చే సిగ్నల్

ఆళ్లగడ్డలో మా ఇంటి వైఫై సిగ్నల్ అరుగు దాకా వస్తుంది. అరుగు దిగి రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే పోతుంది. ఈ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది మా వెనక వీధి పిల్లాడు. 2020 లాక్‌డౌన్‌లో నేను హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చేసి, ముందు గదిలో కూచుని ఆఫీసు పని చేసుకుంటుండేవాణ్ని. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లాడు పొద్దున పదింటికల్లా వాళ్లమ్మ ఫోన్ తీసుకుని వచ్చి, చెప్పులు కింద విడిచి, అరుగు మీద గోడకి ఆనుకుని ఆన్‌లైన్ క్లాసు వినేవాడు. పాస్‌వర్డ్ మా అమ్మ చెప్పింది. ఎవరైనా దాహమని అడిగితే చెంబుతో నీళ్లిచ్చినంత మామూలుగా చెప్పింది.

ఒక ఆదివారం రాత్రి ఆ పాస్‌వర్డ్ మార్చేశాను. ఇంటి నెట్‌వర్క్ భద్రంగా ఉంచుకోమని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పాత పాస్‌వర్డ్ మా నాయన పేరూ, ఆయన పుట్టిన సంవత్సరమూ. కొత్తది ఇరవై అక్షరాలు. సోమవారం పిల్లాడు వచ్చాడు. ఫోన్ వంక చూశాడు. వైఫై ఆపి మళ్లీ పెట్టాడు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. నేను మీటింగులో ఉన్నాను. లేచి వెళ్లలేనంత మీటింగేమీ కాదు. మంగళవారం కూడా వచ్చాడు. బుధవారం రాలేదు.

నేను చేసింది తప్పా? నా వృత్తి ప్రకారం ఒప్పే. కానీ తాళాల గురించి అంత ధీమాగా మాట్లాడే హక్కు నాకు లేదు. ఎందుకో చెప్పాలంటే నంద్యాల దాకా వెళ్లాలి.

2009లో నంద్యాలలో ఇంజినీరింగ్ చదువుతూ నలుగురం ఒక అద్దె గదిలో ఉండేవాళ్లం. పక్కింట్లో ఒక రిటైరైన పెద్దాయన. మా మోటారు చెడిపోయినప్పుడల్లా ఆయన బోరు నుంచే బిందెలు నింపుకునేవాళ్లం. ఆయన ఇంట్లో వైఫై ఉండేది, దానికి వెప్ అనే పాత రకం తాళం. 1997లో వైఫై ప్రమాణంతో పాటే వచ్చిందది. దాని పూర్తి పేరు వైర్డ్ ఈక్వివలెంట్ ప్రైవసీ, అంటే తీగ ఉంటే ఎంత గోప్యమో గాలిలో కూడా అంత గోప్యమని హామీ. ఆ హామీ నిలబడలేదు. ప్రతి ప్యాకెట్‌నీ వేరే తాళంతో మూసినట్టు చూపించడానికి, అసలు తాళానికి 24 బిట్ల సంఖ్య ఒకటి జోడించేవాళ్లు. 24 బిట్లంటే 1,67,77,216 సంఖ్యలు. చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ, రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లో కొన్ని గంటల్లోనే అవి అయిపోయి, మళ్లీ పాతవే తిరిగొస్తాయి. పైగా ఆ జోడింపులో కొన్ని సంఖ్యలు అసలు తాళాన్నే బయటపెడతాయని ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు 2001లో చూపించారు. 2007కల్లా జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఒక్క నిమిషంలోపే ఆ తాళం తీసేశారు. మాకు ఒక రాత్రి పట్టింది.

ఆ రాత్రి మాకు దొంగతనం చేస్తున్నామన్న భావనే లేదు. ఇంత చెత్త తాళం వేసుకున్నది ఆయన కదా అన్నాడు ఒకడు. నేను తలూపాను. ఆ మాటలో తిరకాసు ఎక్కడుందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. తాళం రెండు పనులు చేస్తుంది. ఒకటి, రానివ్వకుండా ఆపుతుంది. రెండు, రావద్దని చెప్తుంది. వెప్ మొదటి పని చేయలేకపోయింది. రెండోది మాత్రం చేస్తూనే ఉంది. దడి ఎగరలేనంత ఎత్తుగా ఎవరూ కట్టరు, అయినా దడి అంటే ఏమిటో అందరికీ తెలుసు. మేం విరగ్గొట్టింది 24 బిట్ల లెక్కని కాదు, ఆయన మాటని.

పైగా మాకు తెలిసి కూడా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. దానికి ముందటేడే, 2008 జూలై 26న, అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకి ఒక ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు ఐపీ అడ్రసు పట్టుకుని పోతే, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉద్యోగి ఫ్లాటు తేలింది. ఆయన వైఫైకి రక్షణ లేదు, ఎవరో వాడుకున్నారు. ఆయన విచారణలన్నీ ఎదుర్కోవాల్సి వచ్చింది. నంద్యాలలో మేం చేసే ప్రతి పనీ ఆ పెద్దాయన పేరు మీదే నమోదవుతోందన్నమాట. మేం డౌన్‌లోడ్ చేసుకున్నది సినిమాలే. కానీ అది ఆయన అదృష్టం, మా మంచితనం కాదు.

కాబట్టి తాళం ఉండాలి. దాని మీద నాకు అనుమానం లేదు. ఆళ్లగడ్డలో నేను వేసింది మంచి తాళమే. 2004 నాటి డబ్ల్యూపీఏ2. దాని పనితీరులో నాకు ఎప్పుడూ నచ్చే అందం ఒకటుంది. ఫోనూ రౌటరూ పాస్‌వర్డ్‌ని ఒకదానికొకటి చెప్పుకోవు. రౌటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. ఫోన్ తన సంఖ్య ఒకటి కలిపి, పాస్‌వర్డ్ నుంచి వచ్చిన తాళంతో లెక్క కట్టి, ఒక ముద్ర వేసి పంపుతుంది. రౌటర్ కూడా అదే లెక్క కట్టి చూసుకుంటుంది. రహస్యం నీకు తెలుసని, రహస్యం బయటపెట్టకుండానే రుజువు చేయడమన్నమాట. ముద్ర సరిపోకపోతే? రౌటర్ ఏమీ అనదు. ఆ సందేశాన్ని నిశ్శబ్దంగా పారేస్తుంది. ప్రమాణంలో రాసిందే అంత. జవాబు రాకపోతే పాస్‌వర్డ్ తప్పేమోనని ఫోన్ తనంతట తనే అనుకోవాలి.

ఆ సోమవారం అరుగు మీద జరిగింది అచ్చంగా ఇదే. పిల్లాడి ఫోన్ అడిగింది, నా రౌటర్ మౌనంగా పారేసింది. కిటికీ ఇవతల నేనూ అదే చేశాను.

ఆ తాళంలో మనకి అలవాటైన ఇబ్బంది ఇంకొకటుంది. ఇంటిల్లిపాదికీ, అరుగు మీది వాడికీ ఒకటే పాస్‌వర్డ్. ఒక్కరి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేం, మారిస్తే అందరికీ మార్చాల్సిందే. అది తెలిసినవాళ్లు, పక్కవాళ్ల ఫోన్ కనెక్టయ్యేటప్పటి మాటలు పట్టుకోగలిగితే, ఆ తర్వాతి సంభాషణా విప్పుకోగలరు. అంటే లోపలికి రానిచ్చామంటే పూర్తిగా నమ్మినట్టే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ ముడిని కొంత విప్పింది. పాస్‌వర్డ్ అందరికీ తెలిసినా, ఊరికే చెవొగ్గి వింటే ఒకరి మాటలు ఇంకొకరికి అందవు. మా రౌటర్‌లో అది లేదు. కానీ గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్, ఇంట్లో కంప్యూటర్లు కనబడవు. పెట్టడానికి రెండు నిమిషాలు.

గెస్ట్ నెట్‌వర్క్ అంటే అరుగే కదా! తలుపుకి గడియ ఉంటుంది, అరుగుకి ఉండదు. దారిన పోయేవాడు కూచోవచ్చు, వంటింట్లోకి రాలేడు. తలుపు గట్టిది కాబట్టే అరుగు మీద ఎవరు కూచున్నా మా నాయన నిద్రపోగలిగేవాడు. గట్టి తాళం వేస్తే మనుషులు దూరమవుతారని కొందరంటారు. నాకు తిరగేసి అనిపిస్తోంది. తాళం గట్టిపడేకొద్దీ ఇవ్వడానికి భయం తగ్గాలి. తగ్గలేదంటే అది భయం కాదు, ఇంకేదో.

నా ఇంకేదో ఏమిటో ఒప్పుకోవాలి. పిల్లాడి వల్ల ఆఫీసు డేటాకి ప్రమాదమని నేనెప్పుడూ అనుకోలేదు. నా ఇంట్లో నన్నడక్కుండా ఇచ్చేశారన్న చిరాకు. దానికి సెక్యూరిటీ అని పేరు పెట్టుకున్నాను. నీళ్లిచ్చిన ఇంటి తాళం తీసినప్పుడు టెక్నాలజీ అన్నాను, నీళ్లిచ్చినట్టు ఇచ్చినదాన్ని లాక్కున్నప్పుడు కూడా టెక్నాలజీ అన్నాను.

అయితే గెస్ట్ నెట్‌వర్క్ అన్నీ తేల్చేయదు. అది కూడా మా ఐపీ అడ్రసుతోనే బయటికెళ్తుంది. నవీ ముంబైలో జరిగింది మాకూ జరగొచ్చు. ఎన్ని బిట్లు పెంచినా తీరని అనుమానం కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ఏ ప్రమాణమూ భరించదు, మనమే భరించాలి. మా అమ్మ భరించింది. పేరు పెట్టకుండా, లెక్క కట్టకుండా.

ఆ శుక్రవారం గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసుకుని వాళ్లింటికి వెళ్లాను. పిల్లాడు గుమ్మంలోనే నిలబడి చీటీ చూశాడు, తీసుకోలేదు.

“వద్దులే అన్నా. మా నాయన రీఛార్జి చేపిచ్చినాడు.”

“క్లాసులకి సరిపోతాదా?”

“సరిపెట్టుకుంటాలే అన్నా.”

గెస్ట్ నెట్‌వర్క్ ఇప్పటికీ అలాగే ఉంది. సెలవులకి వెళ్లినప్పుడల్లా రౌటర్ పేజీ తెరిచి చూస్తాను. కనెక్టయిన పరికరాలు: సున్నా.