మాటయు, కాగితమును

సిద్దిపేట ప్రాంతమున పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేయించునప్పుడు, "మేస్త్రీ మన సంఘస్థుడే, కాగితమెందుకు?" అందుము. విశ్వాసి మాట అవునన్న అవునే గదా! 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము నోటిమాటయు చెల్లును. అయితే వానకు కప్పు కారిన దినమున ఎవరి జ్ఞాపకము నిలుచును?

యిర్మీయా తన పినతండ్రి కుమారునియొద్దనే పొలము కొనెను. అయినను పత్రము వ్రాసి, సాక్షులను పెట్టి, దానిని మంటికుండలో భద్రపరపించెను (యిర్మీయా 32). అది అనుమానము కాదు.

ప్రియులారా, సిమెంటెంత, ఇనుమెంత, కూలి యెంత, ఎప్పుడెంత చెల్లింతుమో ముందుగానే వ్రాసికొనుడి. ఆ కాగితము ఇంటివానికే కాదు, కూలి రావలసిన మేస్త్రీకిని కాపుదల. మరపు సహోదరులను విడదీయకుండ చూచుటయు ప్రేమయే.