చూపని పుట

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. తెలుగునాటినుండి వెళ్లి ఆ పట్టణమున స్థిరపడిన కుటుంబములు అనేకము కలవు. అచ్చట తయారగు రైలుపట్టాను శబ్దతరంగములతో పరీక్షించిన పిమ్మటనే బయటికి పంపుదురు. కంటికి నునుపుగా తోచు పట్టాలోపల పగులుండవచ్చును గదా! పైమెరుగును నమ్మి బండిని నడుపరాదు.

మనుష్యుని పనికిని ఈ న్యాయమే వర్తించును. చూచువారు లేనపుడు అతడు చేయు పని యెట్టిది? ఎవరికిని చూపని పనికి విలువ కలదా? చిత్రకారుని స్కెచ్ పుస్తకము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పగలదు.

చిత్రకారుడు ఒకే చేతిని పదిమారులు గీచును. మొదటి గీతలలో కనబడునది ఎదుటనున్న చేయి కాదు; చేయి ఇట్లుండునని ఆతడు ముందే అనుకొన్న భావము. నాలుగైదు ప్రయత్నములు చెడిన పిమ్మట ఆ భావము సడలి, కన్ను నిజముగా చూడ నారంభించును. మణికట్టు వంపు, వ్రేళ్ల బరువు అప్పుడు గోచరించును. ఒక పుటలోని చేయి, వేరొక పుటలోని చెట్టు, మరియొక పుటలోని నడక ఏనాటికో కలిసి ఒక చిత్రమగును. భావము ఆకాశమునుండి ఊడిపడదు. చిత్తుగీతలలో మెల్లగా పెరుగును.

రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు, తన ప్రతిభను గుర్తించిన ఆంగ్లేయుడు కూల్డ్రేగారి ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ నభ్యసించెను. 1925లో మశూచికము ఆతనిని బలిగొనెను. అప్పటికి ఆతనికి ఇరువదియేడేండ్లు. ఆతని పేర రాజమహేంద్రవరమున వెలసిన చిత్రశాలలో పూర్తియైన చిత్రములతోపాటు స్కెచ్చులును కలవు. పూర్తియైన చిత్రములను మాత్రమే లెక్కించువానికి ఆ జీవితము స్వల్పముగా తోచును. స్కెచ్చులను చూచువానికి ఎంత శ్రమ ఆ కొలది యేండ్లలో ఇమిడినదో తెలియును.

ఇందు రెండు ప్రమాదములు పొంచియున్నవి. పుస్తకమును నలుగురికి చూపి మెప్పు పొందవలెనను కోరిక పుట్టిన క్షణమున చేయి జాగ్రత్తపడును. తప్పునకు వెరచి, తెలిసిన గీతనే మరల మరల గీచును. చేతి నేర్పు మిగులును గాని చూపు పెరుగుట మానును. ఇది మొదటిది. రెండవది సూక్ష్మతరము. లోకుల తీర్పునకు జంకి, సాధన యను పేర చిత్తుపుటలలోనే దాగియుండుటయు కలదు. అది వినయమువలె కనబడును గాని భయమే.

పరీక్షకు నిలిచిన పట్టా గోదాములో పడియుండుటకు కాదు; బండి బరువును మోయుటకు. అట్లే, ఎవరును చూడని పుటలో సత్యమును అభ్యసించినవాడు, పదిమంది యెదుట దాని భారమును వహింపవలెను. ఏకాంతమున దిద్దుకొనని తప్పు లోకమున పగులై బయటపడును. ఏకాంతమున దిద్దుకొన్నది బలమై నిలుచును.