ఎప్పుడు మనవాడు, ఎప్పుడు పరాయివాడు

నాగిసా ఓషిమా అనగానే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి 1976లో పెద్ద గొడవ రేపిన 'ఇన్ ద రెల్మ్ ఆఫ్ ద సెన్సెస్' గుర్తొస్తుంది. దానికి పదమూడేళ్ళ ముందు, 1963లో, ఆయన టీవీ కోసం ఒక డాక్యుమెంటరీ తీశాడు. అరగంట కూడా ఉండదు. పేరుని తెలుగు చేస్తే 'అందరూ మరిచిపోయిన చక్రవర్తి సైన్యం' అనొచ్చు. తెల్లబట్టలు వేసుకుని జనం మధ్య తిరుగుతూ చందాలు అడుక్కునే మాజీ సైనికుల కథ. కాళ్ళు లేనివాళ్ళు, చేతులు లేనివాళ్ళు. ఒకాయనకి రెండు కళ్ళూ ఒక చెయ్యీ లేవు. అన్నీ జపాన్ తరఫున యుద్ధం చేసి పోగొట్టుకున్నవే. కాకపోతే వీళ్ళంతా కొరియన్లు.

పెన్షన్ అడగడానికి ప్రధానమంత్రి నివాసం దగ్గరికి వెళ్తారు, విదేశాంగ శాఖకి వెళ్తారు. మీరిప్పుడు జపాన్ పౌరులు కారు కదా, మీ ప్రభుత్వాన్ని అడగండి అంటారు. కొరియా ప్రతినిధి కార్యాలయానికి వెళ్తే, మీ గాయాలకి బాధ్యత జపాన్‌ది, వాళ్ళనే అడగండి అంటారు. నన్ను పట్టుకుని వదలనిది ఏమిటంటే, రెండు చోట్లా ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాగితాల ప్రకారం ఇద్దరిదీ కరెక్టే.

ఈ డాక్యుమెంటరీ నేను చూసింది టోక్యోలో, ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు. మన ఐటీవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో ఉండేవాణ్ణి. ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఏజెంటు ఎంతో మర్యాదగా, రెండుసార్లు వంగి మరీ, ఓనరుగారు విదేశీయులకి ఇవ్వరని చెప్పాడు. ఆ రోజు కోపం వచ్చింది. కానీ దాన్ని ఇక్కడ పెద్దది చేసి చెప్పుకోను. నేను కోరి వెళ్ళినవాణ్ణి, తిరిగి రావడానికి ఊరు ఉన్నవాణ్ణి. ఆ తెల్లబట్టల మనుషులని జపాన్ తనే వచ్చి తీసుకుంది. 1910లో వాళ్ళ దేశాన్ని కలిపేసుకుని, మీరు కూడా చక్రవర్తి ప్రజలే అంది. 1944 నుంచి కొరియన్ కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలోకి లాగింది.

తర్వాత ఏం జరిగిందో తేదీల వారీగా చూడాలి, ఎందుకంటే అసలు కిటుకంతా తేదీల్లోనే ఉంది. 1945 డిసెంబర్‌లో జపాన్ ఎన్నికల చట్టాన్ని సవరించారు. ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. ఏ చరిత్ర పుస్తకం తీసినా ఇది ఉంటుంది. అదే సవరణలో, జపాన్‌లో ఉంటున్న కొరియన్, తైవాన్ మగవాళ్ళకి అప్పటిదాకా ఉన్న ఓటు పోయింది. ఇది అంతగా కనపడదు. 1947 మే 3న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఒకరోజు ముందు, మే 2న, చక్రవర్తి పేరుతో ఒక ఆజ్ఞ వచ్చింది: కొరియన్లని 'ప్రస్తుతానికి' విదేశీయులుగా పరిగణించాలి, వాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాలి. చట్టప్రకారం అప్పటికి వాళ్ళు ఇంకా జపాన్ జాతీయులే!

రాజ్యాంగంలో కూడా ఒక తర్జుమా కథ ఉంది. అమెరికన్ అధికారులు ఇంగ్లిష్‌లో రాసిచ్చిన ముసాయిదాలో, చట్టం ముందు సమానత్వం 'వ్యక్తులందరికీ' అని ఉంది. విదేశీయులకి సమాన రక్షణ ఇవ్వాలని విడిగా ఇంకో అధికరణం కూడా ఉంది. జపాన్ అధికారులతో బేరాలు సాగి, జపనీస్ ప్రతి తయారయ్యేసరికి ఆ రెండో అధికరణం మాయమైంది. మొదటిదాంట్లో 'వ్యక్తులు' పోయి 'కొకుమిన్' వచ్చింది. కొకుమిన్ అంటే ఆ దేశ జాతీయులు. కొన్ని హక్కులు విదేశీయులకీ వర్తిస్తాయని తర్వాత కోర్టులు చెప్పాయి, నిజమే. కానీ ఎవరు కొకుమిన్ అన్నది చట్టం తేలుస్తుందని అదే రాజ్యాంగం పదో అధికరణంలో ఉంది. అంటే తలుపూ వాళ్ళదే, తాళమూ వాళ్ళదే.

తాళం 1952లో పడింది. ఏప్రిల్ 28న శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చి జపాన్ మళ్ళీ స్వతంత్ర దేశమైంది. ఆ రోజే, జపాన్‌లో ఉంటున్న ఐదు లక్షలకు పైగా కొరియన్లు జపాన్ జాతీయత కోల్పోయారు. పార్లమెంటు చేసిన చట్టంతో కాదు, న్యాయశాఖ పంపిన ఒక సర్క్యులర్‌తో. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, గాయపడ్డ సైనికులకీ చనిపోయినవారి కుటుంబాలకీ సహాయం ఇచ్చే చట్టం వచ్చింది. జపాన్ జాతీయులకి మాత్రమే.

ఇంతవరకూ అయితే, ఓడిన దేశం డబ్బు మిగుల్చుకుంది అనుకుని ఊరుకోవచ్చు. కానీ అదే ఏడాది జులైలో ఇంకో సంగతి జరిగింది. యుద్ధ నేరాలకి శిక్షపడి టోక్యోలోని సుగామో జైల్లో ఉన్న కొరియన్లు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. యుద్ధ ఖైదీల శిబిరాల్లో కాపలా పనికి జపాన్ తీసుకెళ్ళిన మనుషులు వీళ్ళలో చాలామంది. యుద్ధ నేరాల కేసుల్లో శిక్షపడ్డ కొరియన్లు 148 మంది, వాళ్ళలో 23 మందిని చంపేశారు కూడా. వీళ్ళ వాదన చాలా సింపుల్: ఒప్పందం ప్రకారం జపాన్ అమలు చెయ్యాల్సింది జపనీయుల శిక్షలు, మేమిప్పుడు జపనీయులం కాదు, వదిలెయ్యండి. కోర్టు కుదరదంది. శిక్ష పడ్డ రోజున మీరు జపనీయులే కదా అంది.

మా వృత్తి భాషలో చెప్తాను, క్షమించాలి. డేటాబేస్‌లో జాతీయత అని ఒకే ఒక్క కాలమ్ ఉంది. పెన్షన్ ఇచ్చే ప్రోగ్రామ్ అందులో ఇవాళ్టి విలువ చదువుతుంది. శిక్ష వేసే ప్రోగ్రామ్ సంఘటన జరిగిన రోజు విలువ చదువుతుంది. రెండింటినీ విడివిడిగా టెస్ట్ చేస్తే పాసవుతాయి. పక్కపక్కన పెడితే తప్ప దొరకని బగ్ ఇది. దీన్ని బగ్ అని నేను అంటున్నాను గానీ, రాసినవాళ్ళకి అది ఫీచరే అయ్యుండొచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. అసలు ఆ కొరియన్లు జపనీయులుగా మిగలాలనుకున్నారా? చాలామంది అనుకోలేదు. ముప్పై ఐదేళ్ళ పరాయి పాలన నుంచి బయటపడ్డవాళ్ళు ఆ జాతీయతని ఎందుకు పట్టుకు వేలాడతారు? దక్షిణ కొరియా ప్రభుత్వం కూడా వాళ్ళు మా పౌరులే అంది. మరి జపాన్ చేసిన తప్పేమిటి? అడగకపోవడం. పశ్చిమ జర్మనీ 1956లో, తమ దేశంలో ఉంటున్న ఆస్ట్రియన్లకి కావాలంటే జర్మన్ జాతీయత తీసుకునే వీలిచ్చింది. జపాన్ ఎంచుకోమనలేదు. అయినా నాకు అంతకన్నా పెద్ద విషయం అనిపించేది ఇంకోటి ఉంది. పౌరసత్వం ఉందా పోయిందా అన్న ప్రశ్నే ఇక్కడ అనవసరం. చెయ్యి తీసుకున్న రోజున ఆ చెయ్యి ఎవరిదో తెలుసు. అప్పుకి తేదీ అదే.

1978లో ఒకసారి జపాన్ సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాట అంది. హిరోషిమా బాంబుకి గురైన ఒక కొరియన్, వైద్యం కోసం దొంగతనంగా జపాన్‌కి వచ్చాడు. అణుబాంబు బాధితుల వైద్య సహాయం ఇతనికీ ఇవ్వాలంది కోర్టు. బాంబు పడ్డప్పుడు ఇతను జపాన్ జాతీయుడు, ఆ జాతీయత పోవడంలో ఇతని ఇష్టంతో పని లేదు అని కారణం కూడా చెప్పింది. అంటే పాత తేదీని చదవడం వాళ్ళకి చేతకాక కాదు. అదే హిరోషిమాలో 1970లో కట్టిన కొరియన్ మృతుల స్మారకం మాత్రం 1999 దాకా శాంతి పార్కు బయటే ఉంది.

మేమంతా ఒకటే జాతి అన్న నమ్మకం జపాన్‌లో అనాదిగా ఉందని మనం అనుకుంటాం. ఎయిజి ఒగుమా అనే సోషియాలజిస్టు 1995లో వేసిన పుస్తకంలో దీన్ని తిరగేశాడు. సామ్రాజ్యం ఉన్న రోజుల్లో, మాది అనేక జాతుల కలయిక అని గొప్పగా చెప్పుకున్నారట. సామ్రాజ్యం పోయాకే 'ఒకే జాతి' కథ స్థిరపడింది. యుద్ధం వద్దనుకున్న శాంతి దేశం, ఒకే జాతి దేశం - ఈ రెండు కథలూ కలిసే పెరిగాయని నా అనుమానం. కొరియన్లు ఇంట్లోవాళ్ళుగా ఉంటే, యుద్ధంలో మేమూ బాధితులమే అని చెప్పుకోవడం కష్టం. ఎవరు ఎవరిని బాధపెట్టారో గుర్తు చేసే మనిషి భోజనాల దగ్గరే కూర్చుని ఉంటాడు మరి.

అలవాటు ఒకసారి పడ్డాక పోదు. 1990లో కార్మికులు కావలసి వచ్చి, జపాన్ నుంచి వలసపోయినవాళ్ళ మనవలని బ్రెజిల్ నుంచి రానిచ్చారు. రక్తం మాదే అన్నారు. 2009లో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు మనిషికి 3 లక్షల యెన్లు ఇచ్చి వెనక్కి పొమ్మన్నారు. ఆ వీసా మీద మళ్ళీ రావద్దని షరతు. 2018లో, ఐదేళ్ళలో 3,45,000 మంది దాకా కార్మికులని తీసుకునే చట్టం తెచ్చినప్పుడు, ఇది వలస విధానం కాదని ప్రధాని షింజో అబే పదే పదే చెప్పాడు. 2024 చివరికి అక్కడ 37 లక్షలకు పైగా విదేశీయులు ఉన్నారు. నిషి-కసాయ్‌లో దోసెలు వేసుకుంటున్న మావాళ్ళు కూడా ఆ లెక్కలోనే.

సుగామో జైల్లో ఉన్నవాళ్ళలో లీ హాక్‌రే ఒకడు. 17 ఏళ్ళకి శిబిరాల కాపలాకి వెళ్ళాడు. థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం పనుల్లో హింటోక్ దగ్గర ఆస్ట్రేలియన్ ఖైదీలకి కాపలా. ఉరిశిక్ష పడి, 20 ఏళ్ళకి తగ్గి, 1956లో విడుదలయ్యాడు. తోటి కొరియన్ ఖైదీలతో కలిసి టోక్యోలో టాక్సీ కంపెనీ నడిపాడు. 1991లో ఆస్ట్రేలియా వెళ్ళి, ఆ శిబిరంలో ఖైదీగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ డన్‌లప్‌ని కలిసి క్షమాపణ చెప్పాడు. నేను కొరియన్ని, నన్ను బలవంతంగా తీసుకెళ్ళారు, అది జపాన్ చేసిన పని అని తప్పించుకునే దారి ఆయనకి ఉంది. దాన్ని వాడుకోలేదు. గాయపడ్డ కొరియన్ సైనికులకీ, చనిపోయినవారి కుటుంబాలకీ 2000లో ఒక చట్టం చేసి జపాన్ కొంత డబ్బు ఇచ్చింది. అందులో ఈ ఖైదీలు లేరు. ఆయన పార్లమెంటు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. 2008లో ఒక బిల్లు పెట్టారు, అది మురిగిపోయింది. 2021 మార్చిలో టోక్యోలో చనిపోయాడు. అప్పటికి ఆయనకి 96 ఏళ్ళు.